చచ్చిన కోళ్లను ఏరే మనిషి గురించి: తోటి కోళ్ల రైతులకు బహిరంగ లేఖ

ఉభయ గోదావరి, ఏలూరు, కృష్ణా, ఎన్టీఆర్ జిల్లాల కోళ్ల ఫారాల యజమానులకు,

నమస్కారం.

నేను మీలో ఒకణ్ణి. తణుకు దగ్గర పల్లెలో మాకు రెండు లేయర్ షెడ్లున్నాయి, అంటే గుడ్ల కోళ్లవి. మా నాన్నగారు మొదలుపెట్టారు, ఇరవై రెండేళ్లుగా నేను చూసుకుంటున్నాను. పొద్దున లేవగానే నెక్ (గుడ్ల ధర చెప్పే కమిటీ) రేటు చూసుకోనిదే నాకు కాఫీ దిగదు. కాబట్టి కోళ్ల పరిశ్రమంటే పడనివాడెవడో మన మీద రాళ్లేస్తున్నాడని అనుకోకండి. 2025 ఫిబ్రవరిలో బర్డ్ ఫ్లూతో మన షెడ్లు ఖాళీ అయినప్పుడు రేటు గురించి మాట్లాడుకున్నాం, పరిహారం గురించి మాట్లాడుకున్నాం, తెలంగాణ సరిహద్దులో ఆపేసిన లారీల గురించి మాట్లాడుకున్నాం. ఒక మనిషి గురించి మాత్రం ఎవరమూ ఎత్తలేదు. అతని కోసమే ఈ ఉత్తరం.

ఆ రోజు తెల్లవారుజామున ఐదున్నరకి మా ఫారంలో పనిచేసే కుర్రాడు వచ్చి తలుపు కొట్టాడు. ఒడిశాలో రాయగడ వైపు వాడు. భార్యతో, మూడేళ్ల పాపతో ఫీడు గోదాము పక్క గదిలో ఉంటాడు. "సార్, కోళ్లు అరవట్లేదు" అన్నాడు. షెడ్డు పక్కన బతికిన మీకు ఆ మాట వివరించక్కర్లేదు. లైటు వేయగానే వేల కోళ్లు ఒక్కసారిగా మోత ఎత్తుకుంటాయి. ఆ మోత వినిపించకపోతే మనకి నిద్రలో కూడా మెలకువ వస్తుంది. వెళ్లి చూస్తే ముందురోజు సాయంత్రం తొట్లలో పోసిన మేత పోసినట్టే ఉంది. కోళ్లు మెడలు వాల్చేసి ఉన్నాయి. తురాయిలు ఊదారంగు తిరిగి నల్లబడుతున్నాయి, కాళ్ల మీద ఎర్రటి మచ్చలు. ట్రేల్లో ఎక్కడ చూసినా పెంకు లేని తోలుగుడ్లే.

కుర్రాడు ముఖానికి తువ్వాలు చుట్టుకుని, ఒట్టి చేతులతో ఒక్కో కేజ్ తలుపు తీసి, చచ్చినదాన్ని కాళ్లు పట్టి లాగి ఖాళీ ఫీడు సంచిలో వేశాడు. లాగినప్పుడల్లా పక్క కోళ్లు రెక్కలు విదిలిస్తే ఎండిన పెంట పొడి లేచేది. చెమట కళ్లలోకి దిగుతుంటే మోచేత్తో తుడుచుకునేవాడు. నేను తలుపు దగ్గర నిలబడి సంచులు లెక్కపెట్టాను. సాయంత్రానికి ఆ లెక్క మోర్టాలిటీ (చనిపోయిన కోళ్ల) రిజిస్టరులో రాశాను.

ఆ రోజు చేయాల్సిన ఫోన్ నేను చేయలేదు. ముందు కొక్కెర తెగులు (రాణికేట్) అనుకున్నాను. మందుల కంపెనీ కుర్రాడు వచ్చి యాంటీబయాటిక్ కలపమంటే నీళ్లలో కలిపించాను. చుట్టుపక్కల ఫారాలవాళ్లకి ఫోన్ చేస్తే "మా దగ్గరా పోతున్నాయి, కాస్త ఆగండి, అందరం ఒకేసారి చెబుదాం" అన్నారు. ఆగాను. నాలుగో రోజు గానీ పశువుల డాక్టరుగారికి చెప్పలేదు. అప్పటికి మా కోళ్లలో సగానికి పైగా పోయాయి. అన్నిటికన్నా నన్ను బాధపెట్టేది ఇంకొకటుంది. ఆ నాలుగు రోజులూ ఆ కుర్రాడు అదే తువ్వాలుతో, అవే చేతులతో ఆ పనే చేశాడు.

రెండో రోజు రాత్రికే వాడి కళ్లు ఎర్రబడ్డాయి. ఒళ్లు కాలింది. నేను మెడికల్ షాపు నుంచి చుక్కలమందు, జ్వరం బిళ్లలు తెప్పించి ఇచ్చాను. "దుమ్ము పడింది, తగ్గిపోతుంది" అన్నాను. తగ్గింది. షెడ్లు ఖాళీ అయ్యాక పని లేక ఊరెళ్లిపోయాడు. ఎవరూ వాడి ముక్కులోంచి గానీ కంట్లోంచి గానీ శాంపిల్ తీయలేదు. నేను అడిగితే కదా తీయడానికి! కోళ్ల శాంపిళ్లు ఐస్ బాక్సులో పెట్టుకుని భోపాల్ హై సెక్యూరిటీ ల్యాబుకి పంపాం. ఆ కోళ్లను చేతుల్తో ఎత్తిన మనిషిని స్లీపర్ క్లాసు టికెట్టు ఇచ్చి రైలెక్కించాం.

ఆ కళ్ల ఎరుపు గురించి నాకు తర్వాత తెలిసింది. 2024లో అమెరికాలో ఇదే బర్డ్ ఫ్లూ వైరస్, హెచ్5ఎన్1, పాడి ఆవుల్లోకి వెళ్లింది. టెక్సస్ రాష్ట్రంలో ఒక డెయిరీ పనివాడికి కళ్లు ఎర్రబడ్డాయి. అతనికి ఉన్న లక్షణం దాదాపు అదొక్కటే. అక్కడివాళ్లు అతని కంట్లోంచి శాంపిల్ తీస్తే బర్డ్ ఫ్లూ అని తేలింది. ఆ తర్వాత ఏడాదిలో అక్కడ 70 మంది దాకా బయటపడ్డారు, ఎక్కువమంది డెయిరీల్లో, కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లే, ఎక్కువమందికి ఎర్రబడ్డ కళ్లే. వెతికారు కాబట్టి దొరికారు. మన దగ్గర ఎంతమంది చుక్కలమందుతో సరిపెట్టుకున్నారో ఒక్కసారి మీ మీ షెడ్లు గుర్తు తెచ్చుకోండి.

కన్నే ఎందుకంటే, ఈ వైరస్‌కి పట్టు దొరికే చోటు మనలో తక్కువ. మామూలు ఫ్లూ మన ముక్కులో, గొంతులో అతుక్కుంటుంది, అందుకే ఒక తుమ్ముతో పదిమందికి పాకుతుంది. కోళ్ల ఫ్లూకి పట్టు దొరికేది పక్షి పేగుల్లో, ఊపిరితిత్తుల్లో. మనిషిలో అలాంటి పట్టు ఊపిరితిత్తుల అడుగున ఉంటుంది, కంటి పొరలోనూ ఉంటుంది. అందుకే ఇది మనిషి నుంచి మనిషికి అంత తేలిగ్గా పాకట్లేదు. కానీ లోతుగా దిగితే మాత్రం న్యుమోనియా అయి కూర్చుంటుంది. 2003 నుంచి ప్రపంచం మొత్తం మీద 900 మందికి పైగా ఇది సోకినట్టు లెక్క తేలితే, అందులో దాదాపు సగం మంది చనిపోయారు. మెత్తగా వచ్చి పోయినవి లెక్కలోకి రాకపోయి ఉండొచ్చు, నిజమే. అయినా సగం అంటే చిన్న మాట కాదు.

ఇంకొకటి కూడా ఉంది. ఫ్లూ వైరస్ లోపల జన్యువులు ఎనిమిది ముక్కలుగా ఉంటాయి. ఊళ్లో మామూలు ఫ్లూ తిరిగే రోజుల్లో, ఆ ఫ్లూ ఉన్న పనివాడి ఒంట్లోకే కోళ్ల ఫ్లూ కూడా చేరితే, రెండింటి ముక్కలూ కలగలిసి కొత్త వైరస్ పుట్టే వీలుంది. కోడి నుంచి ప్రాణం తీసే గుణం, మనిషి నుంచి పాకే గుణం రెండూ ఒకదానికే వస్తే ఏమవుతుందో కరోనా చూసిన మనకి ఎవరూ చెప్పక్కర్లేదు. అది ఎక్కడో చైనా మార్కెట్లోనే పుట్టాలని రూలేమీ లేదు. చచ్చిన కోళ్లను సంచిలో వేసే మనిషి ఎక్కడుంటే అక్కడ పుట్టొచ్చు. ఫిన్లాండ్‌లో 2024లో బొచ్చు కోసం జంతువుల్ని పెంచే ఫారాల కూలీలకి, కోళ్ల ఫారాల్లో పనిచేసేవాళ్లకి ఈ రకం ఫ్లూకి టీకా వేయడం మొదలుపెట్టారు. మన దగ్గర ఆ టీకా లేకపోయినా, ఏటా వేసే మామూలు ఫ్లూ టీకా ప్రైవేటు ఆసుపత్రుల్లో దొరుకుతుంది. కనీసం ఆ రెండూ ఒకే ఒంట్లో కలిసే అవకాశం తగ్గుతుంది. మన బ్యాచ్‌కి రాణికేట్ వ్యాక్సిన్ ఎన్నిసార్లు వేయిస్తామో తలుచుకుంటే, మనిషికి ఏడాదికొక సూది మనకి భారమేమీ కాదు.

పనివాడి వైపు చూడకపోతే ఏమవుతుందో చెప్పడానికి మలేసియా కంటే పెద్ద ఉదాహరణ నాకు కనిపించలేదు. మనలాంటి రైతుల కథే అది. 1998లో అక్కడ ఈపో పట్నం చుట్టుపక్కల పందుల ఫారాల్లో జనం మెదడువాపుతో పడిపోవడం మొదలైంది. జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అన్నారు. దోమల మందు కొట్టారు, టీకాలు వేశారు. నెలలు గడిచినా తగ్గలేదు. దోమలతో వచ్చే రోగమైతే పిల్లలకి రావాలి, పందులను ముట్టనివాళ్లకి కూడా రావాలి. అక్కడ మంచాన పడ్డది చాలావరకు పెద్దవాళ్లు, అందులోనూ పందులను చేతుల్తో పట్టుకుని పనిచేసినవాళ్లు, టీకా వేయించుకున్నవాళ్లు కూడా. చివరికి 1999 మార్చిలో మలయా విశ్వవిద్యాలయం డాక్టరు చువా కా బింగ్ కొత్త వైరస్‌ని పట్టుకున్నారు. సుంగై నిపా అనే పల్లె పేరు మీద దానికి నిపా అని పేరు పెట్టారు. గబ్బిలాలు కొరికి వదిలేసిన పళ్లు పందుల దొడ్లలో పడి, పందుల నుంచి మనుషులకి వచ్చిందని తర్వాత తేలింది. దొడ్ల పక్కనే మామిడిచెట్లు వేసుకున్నారు. మనమూ షెడ్ల పక్కన వేస్తాం కదా, నీడకి, నాలుగు కాయలకి.

ఆ మధ్యలో రైతులు చేసిన పనే నన్ను నిద్రపోనివ్వలేదు. పందులు జబ్బు పడుతున్నాయని తెలిసి, ఉన్నవాటిని వచ్చిన రేటుకి తెగనమ్మేశారు. ఆ లారీలతో పాటు వైరస్ దక్షిణాన నెగరి సెంబిలాన్ రాష్ట్రానికి వెళ్లింది, అక్కడే ఎక్కువమంది చనిపోయారు. సింగపూర్ కబేళా పనివాళ్లకీ సోకింది. మలేసియాలో మొత్తం 105 మంది పోయారు, పది లక్షలకు పైగా పందులను చంపేశారు. తెగనమ్ముకున్నవాళ్లు దుర్మార్గులేమీ కారు. అప్పులున్నవాళ్లు, భయపడ్డవాళ్లు. మన దగ్గర కూడా షెడ్డులో మోర్టాలిటీ మొదలైన సాయంత్రమే "ఉన్న కోళ్లను ఎత్తించేద్దాం, ఉన్న గుడ్లు అస్సాం లోడులో పంపేద్దాం" అన్నవాళ్లున్నారు. నేనూ ఒక రాత్రంతా ఆ ఆలోచన చేశాను. మలేసియా సంగతి అప్పటికి నాకు తెలియదు.

దీనికి సరిగ్గా ఎదురుగా హాంకాంగ్‌ని చూడండి. 1997లో అక్కడే హెచ్5ఎన్1 మొదటిసారి మనుషుల ప్రాణాలు తీసింది. 18 మందికి సోకి ఆరుగురు పోయారు. ఏడాది చివర్లో నగరంలో ఉన్న కోళ్లన్నిటినీ, 13 లక్షలకు పైగా, చంపేశారు. కొత్త కేసులు ఆగిపోయాయి. అంత నష్టం భరించడం ఎంత కష్టమో మనకి తెలిసినట్టు ఇంకెవరికి తెలుస్తుంది? కానీ ఆగింది.

మన సంగతికొస్తే, 2024 ఫిబ్రవరిలో నెల్లూరు జిల్లా పొదలకూరు, కోవూరు మండలాల్లో వచ్చినప్పుడు "అది నెల్లూరులో కదా" అనుకున్నాం. సరిగ్గా ఏడాదికి పెరవలి మండలం కానూరు అగ్రహారం, మన తణుకు మండలం వేల్పూరు. ఊరి చుట్టూ కిలోమీటరు ఇన్‌ఫెక్టెడ్ జోన్, పది కిలోమీటర్లు నిఘా. తెల్ల సూట్లు వేసుకున్న బృందాలు వచ్చాయి. ఆ సూట్లు వేసుకున్నవాళ్లకి ముందుగా మందు బిళ్లలు ఇచ్చి, తర్వాత పది రోజులు ఆరోగ్యం చూడాలన్న నిబంధన ఉంది, చాలా మంచిది. కానీ వాళ్లు రాకముందు నాలుగైదు రోజులు సూటు లేకుండా అదే పని చేసినవాడికి ఆ నిబంధన ఎక్కడ వర్తించింది? కొన్నిచోట్ల చచ్చిన కోళ్లు కాలువలో తేలాయి, మీరూ చూశారు, నేనూ చూశాను. కాలువ గట్టున బట్టలుతికేవాళ్లు కర్రతో వాటిని పక్కకి నెట్టి ఉతుక్కున్నారు.

అప్పుడు మనం చికెన్ మేళాలు పెట్టాం. ఉడికించిన గుడ్లు, వేపుడు ఉచితంగా పంచాం. నేనూ స్టేజీ ఎక్కాను. "70 డిగ్రీలు దాటి ఉడికితే వైరస్ బతకదు, హాయిగా తినండి" అని మైకులో చెప్పాను. అది నిజం, ఇప్పుడూ అదే చెబుతాను. కానీ పచ్చి మాంసం ముట్టుకునేటప్పుడు జాగ్రత్త అని, కోసిన చేతులు సబ్బుతో కడుక్కోమని, పిల్లల చేతికి పచ్చిముక్క అందనివ్వొద్దని నేను చెప్పలేదు. చెబితే రేటు ఇంకా పడుతుందని భయం. మార్చిలో నరసరావుపేటకు చెందిన రెండేళ్ల పాప మంగళగిరి ఎయిమ్స్‌లో చనిపోయింది. కోడిమాంసం కోస్తుండగా పచ్చిముక్క తిన్నదని ఇంట్లోవాళ్లు చెప్పారు. పుణె వైరాలజీ సంస్థ హెచ్5ఎన్1 అని నిర్ధారించింది. ఆ వార్త చదివినప్పుడు నాకు మొదట గుర్తొచ్చింది మా గోదాము పక్క గది. ఆ గది ముందు చచ్చిన కోళ్ల సంచుల పక్కన కూర్చుని ఆడుకున్న మూడేళ్ల పాప.

పశుసంవర్ధక శాఖ, వైద్య ఆరోగ్య శాఖ అధికారులు కూడా ఈ ఉత్తరం చదువుతారని ఆశిస్తూ వాళ్లకి రెండు మాటలు. అయ్యా, మీ లెక్కలో చంపిన కోడికే పరిహారం, చచ్చిన కోడికి లేదు. రైతు త్వరగా చెప్పాలనే ఈ నియమం పెట్టి ఉంటారు. జరిగేది వేరు. శాంపిల్ భోపాల్ వెళ్లి రిపోర్టు వచ్చేలోపు షెడ్డులో మిగిలేవి ఎన్ని? త్వరగా చెప్పినవాడికీ మిగిలేది అంతంతమాత్రమే, చెప్పి పేరు పోగొట్టుకోవడం అదనం. పరిహారం లెక్క రిపోర్టు వచ్చిన రోజు నుంచి కాకుండా రైతు ఫోన్ చేసిన రోజు నుంచి కట్టండి. ఆ రోజు షెడ్డులో బతికున్న ప్రతి కోడినీ లెక్కలో వేసుకోండి. అప్పుడు ఏ రైతూ "అందరం ఒకేసారి చెబుదాం" అనడు. ఇంకో మాట, పశువుల డాక్టరుగారు షెడ్డుకి వచ్చిన రోజే పీహెచ్‌సీ నుంచి ఒక నర్సమ్మ కూడా రావాలి. కోడికి శాంపిల్ తీసినచోటే మనిషికీ తీయాలి. రెండు శాఖల ఆఫీసులూ ఒకే మండల కేంద్రంలో ఉన్నాయి, ఒక ఫోన్‌కాల్ దూరంలో. జ్వరంతో వచ్చిన కూలీని "ఎక్కడ పనిచేస్తావు, అక్కడ కోళ్లు గానీ పశువులు గానీ చనిపోతున్నాయా" అని ఓపీలో అడిగే ఒక్క ప్రశ్న చీటీ మీద అచ్చు వేయించండి. మలేసియాలో నెలలు ఆలస్యమైంది సరిగ్గా ఆ ప్రశ్న దగ్గరే.

మళ్లీ మన దగ్గరికి వద్దాం. బయోసెక్యూరిటీ అనగానే మనకి గేటు దగ్గర ఫుట్‌బాత్, సున్నం, లారీ టైర్లకి మందు గుర్తొస్తాయి. అవన్నీ కోళ్లను మనుషుల నుంచి కాపాడటానికే. మనుషుల్ని కోళ్ల నుంచి కాపాడేవి ఏమున్నాయని మా షెడ్డులో వెతికితే, గోడకి వేలాడుతున్న చిరిగిన గ్లవుజుల జత ఒకటి దొరికింది, అదీ ఫార్మాలిన్ కలపడానికి కొన్నది. ఇప్పుడు కొన్ని మార్చాను. ఎన్95 మాస్కులు, మోచేతుల దాకా వచ్చే గ్లవుజులు, కళ్లకి వెల్డింగువాళ్లు పెట్టుకునేలాంటి అద్దాలు డబ్బాలో పెట్టాను. ఎండాకాలంలో అవి పెట్టుకుని షెడ్డులో పావుగంట నిలబడటం ఎంత కష్టమో నేను స్వయంగా పెట్టుకుని చూశాక తెలిసింది. అందుకే చచ్చినవి ఏరే పని తెల్లవారుజామునే, ఇద్దరు మార్చిమార్చి చేసేలా పెట్టాను. పనివాళ్లు స్నానం చేసి బట్టలు మార్చుకుని గదికి వెళ్లడానికి షెడ్డు పక్కనే బాత్రూము కట్టించాను. కుటుంబం ఉండే గదిని గోదాము దగ్గర నుంచి రోడ్డు వైపుకి మార్చాను. వాళ్లు సొంతంగా పెంచుకునే నాలుగు నాటుకోళ్లను కొని, ఇక పెంచొద్దని బతిమాలుకున్నాను. అది వాళ్లకి నచ్చలేదు, నిజం చెప్పాలి. పండగకి కోడి నేనే ఇస్తానని ఒప్పించాను.

జ్వరం వస్తే జీతం కోత లేదని కూడా చెప్పాను. ఈ ఒక్కటి చెప్పకపోతే మిగతావన్నీ దండగ. రోజు కూలి పోతుందనుకున్నవాడు ఎర్రబడ్డ కళ్లు మనకి చూపించడు.

ఈ లెక్కలన్నీ మీకూ కుదరాలని నేననను. రెండు లక్షల కోళ్లున్నవాడికీ ఐదు వేలున్నవాడికీ తేడా ఉంది. నేనడిగేది రెండే. మామూలు మోర్టాలిటీకి రెండింతలు కనిపించిన రోజే, పక్క ఫారం కోసం ఆగకుండా ఫోన్ చేయండి. ఆ రోజు నుంచి పది రోజుల పాటు షెడ్డులోకి వెళ్లిన ప్రతి మనిషికీ జ్వరం ఉందా, కళ్లు ఎర్రబడ్డాయా, దగ్గుందా అని రాసిపెట్టండి. ఉంటే మెడికల్ షాపుకి పంపొద్దు, ఆసుపత్రికి మీరే తీసుకెళ్లి "కోళ్ల దగ్గర పనిచేస్తాడు, కోళ్లు చనిపోయాయి" అని డాక్టరుతో చెప్పండి. వాడికి మన భాష సరిగా రాదు, ఆ మాట వాడు చెప్పలేడు.

మా మోర్టాలిటీ రిజిస్టరులో తేదీ, షెడ్డు, చనిపోయినవి, మేత, గుడ్లు అని ఐదు గళ్లుండేవి. కొత్త బ్యాచ్ వేసినప్పుడు స్కేలు పెట్టి ఆరో గడి గీశాను, పనివాళ్ల ఆరోగ్యం అని పైన రాశాను. రాయగడ కుర్రాడు కిందటి నెల తిరిగొచ్చాడు. ఆ గడిలో వాడి పేరు నేను తెలుగులో రాయబోతుంటే పెన్ను అడిగి తీసుకుని, ఒడియాలో తనే రాసుకున్నాడు. దాని పక్కన ఆ రోజు టెంపరేచర్ నేను రాశాను, 98.4.

ఇట్లు,
తణుకు దగ్గర ఒక లేయర్ ఫారం రైతు